తలూపిన దుబాసీ

ఆపరేషన్ తర్వాత డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నిటికీ నోయెమీ బుద్ధిగా తలూపింది. కళ్ళు నలుపుకోకూడదు, సరే. పడుకునేటప్పుడు కళ్ళమీద ప్లాస్టిక్ డిప్పలు అంటించుకోవాలి, సరే. చుక్కలు ఫ్రిజ్‌లో పెట్టుకుని గంటకోసారి వేసుకోవాలి, ఏసీ గాలి మొహానికి కొట్టకుండా చూసుకోవాలి, సరే. స్క్రీను చూస్తూ కూర్చుంటే మనిషి రెప్ప వెయ్యడం మరిచిపోతాడు కాబట్టి గుర్తుపెట్టుకుని వెయ్యాలి. ఇరవై నిమిషాలకోసారి తల తిప్పి కిటికీలోంచి దూరంగా చూడాలి. సరే, సరే.

"మీ ఉద్యోగంలో స్క్రీను పని ఉంటుందా?" మందుల చీటీ రాస్తూ అడిగింది డాక్టరమ్మ.

"కాస్త," అంది నోయెమీ.

ఆ 'కాస్త'లో ఆమె బతుకంతా ఉంది. నోయెమీ సైగల భాషకి దుబాసీ. చెవులు వినపడనివాళ్ళు వీడియోలో ఫోన్ చేస్తే, వాళ్ళ చేతులు చూసి, అవతల ఆఫీసులోనో ఆస్పత్రిలోనో ఉన్న మనిషికి నోటితో చెప్పాలి. ఆ మనిషి అన్నది మళ్ళీ చేతులతో వీళ్ళకి చెప్పాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేదాకా కళ్ళు తెరమీదే. అసలు ఈ ఆపరేషన్ చేయించుకున్నదే ఆ తెర కోసం. గదిలో రెండు పెద్ద లైట్లుంటాయి. అవి రెండూ ఆమె కళ్ళజోడులో మెరిసేవి. "నీ కళ్ళు కనపడట్లేదమ్మా, రెండు బల్బులు కనపడుతున్నాయి, నేను బల్బులతో మాట్లాడాలా?" అని అవతలివాళ్ళు విసుక్కునేవాళ్ళు. నిజమే, కానీ పూర్తి నిజం కాదు. పదేళ్ళ వయసు నుంచి ముక్కుమీద మోసిన సోడాబుడ్డి అద్దాలంటే ఆమెకి అసహ్యం. అందం కోసం అని చెప్పుకోవడానికి మొహమాటం, ఉద్యోగం కోసం అని చెప్పుకుంటే గౌరవం.

లేజరు కింద పడుకున్నంతసేపూ డాక్టరమ్మ మాట్లాడుతూనే ఉంది. "పచ్చ లైటు చూడండి, బాగా చూస్తున్నారు, ఇంకొంచెమే, వాసన వస్తుంది కంగారు పడకండి." నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. భయమేసినప్పుడు నోయెమీ "డాక్టర్, చల్లగా ఉంది" అంది. "ఉంటుంది, మంచిదే" అని జవాబు వచ్చింది. ఆ గొంతు లేకపోతే లేచి పరిగెత్తి ఉండేదాన్నని తర్వాత చెల్లెలితో నవ్వుతూ చెప్పింది.

వారం రోజులు ఇంట్లో ఉండమన్నారు. అందులో సగం కూడా ఉండలేదు. సూపర్‌వైజర్ ఆర్లెయ్ ఫోన్ చేసి, "రమ్మనట్లేదు తల్లీ, ఊరికే చెప్తున్నా. మీరు లేకపోతే లైను కుంటుతోంది" అన్నాడు. పొగడ్తకి లొంగని మనిషి ఆ బుకరమాంగా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. మర్నాడే స్నానం చేసి, నల్ల చొక్కా వేసుకుని, చుక్కల సీసా సంచిలో పడేసుకుని ఆఫీసుకి వచ్చేసింది.

"అబ్బో, సినిమా తారొచ్చిందండోయ్!" ఆర్లెయ్, ఆ ఊళ్ళో పల్లీల్లా తినే వేయించిన చీమల పొట్లం ముందుకు చాపాడు. "తీసుకోండి, ఈ ఏడాది మొదటి కాపు. కళ్ళకి మంచిదట."

"ఎవరు చెప్పారు?"

"అమ్మినవాడే."

రెండు చీమలు నోట్లో వేసుకుని, చుక్కల సీసాని భోజనాల గది ఫ్రిజ్‌లో పెట్టి, తన గాజుగదిలో కూర్చుంది. ప్రతి గది తలుపు మీదా ఒక దీపం ఉంటుంది. పచ్చగా ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు, పసుపైతే విరామంలో ఉన్నట్టు. పసుపు వెలిగిందంటే గోడమీది బోర్డులో ఎదురుచూసేవాళ్ళ వరుస పెరిగిపోతుంది. నోయెమీ దీపం పసుపు కావడం అరుదు. అది ఆమె గొప్ప. ఇంకో గొప్ప కూడా ఉంది. "మళ్ళీ చెప్పండి" అని ఆమె ఎవరినీ అడగదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆర్లెయ్ ఆమెనే చూపించేవాడు. "దుబాసీకి నోరుంటుంది గానీ సొంత మాట ఉండదు. అదెలాగో ఈవిడ దగ్గర నేర్చుకోండి" అనేవాడు.

ఆ సాయంత్రానికి కళ్ళల్లో ఎవరో ఇసుక పోసినట్టయింది. ఒక మొగుడూ పెళ్ళాం కరెంటు ఆఫీసుతో చేసిన తగువు ఎంతకీ తెమలలేదు. భార్య ఒక మాట, భర్త ఒక మాట, నాలుగు చేతులు తెరంతా ఆడుతుంటే రెప్ప వెయ్యడం ఎక్కడ గుర్తుంటుంది? అదయ్యేసరికి లైట్ల చుట్టూ వలయాలు కనపడుతున్నాయి. చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఫ్రిజ్ పది అడుగుల దూరం కూడా లేదు. కానీ దీపం పసుపు చెయ్యాలి. ఇంకొక్క కాల్ చూసి లేద్దామనుకుంది.

తెరమీద దోన్యా ఒదీలా ప్రత్యక్షమైంది. దోన్యా అంటే అక్కడ పెద్దావిడల్ని గౌరవంగా పిలిచే మాట. సంతలో ప్యాంట్లు కురచ చేసే దర్జీ ముసలావిడ, ఈ లైనుకి పాత చుట్టం. శుక్లం వచ్చి ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది అదే దారిలో ఉంది. అందుకని ఫోన్‌ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంటుంది. చేతులు మాటిమాటికీ తెర అంచు దాటిపోతాయి.

ఆవిడ నోయెమీని చూడగానే రెండు వేళ్ళు ముక్కుమీద పెట్టి పైకి తోసింది, జారిన కళ్ళజోడు సర్దుకున్నట్టు. సైగల్లో నోయెమీ పేరు అదే. చాలా ఏళ్ళ కిందట వినపడనివాళ్ళ క్లబ్బులో పెట్టారు. వాళ్ళే పెడతారు, వినపడేవాళ్ళు తమంతట తాము పెట్టుకోవడానికి లేదు.

"కళ్ళజోడూ, నీ కళ్ళజోడేదీ? పేరు ఊడిపోయిందే!"

"ఆపరేషన్ చేయించుకున్నా దోన్యా. పేరు మార్చాలా?"

"ఎందుకూ? మా తమ్ముడి పేరు ఉంగరాలజుట్టు. ఇప్పుడు వాడి నెత్తిమీద ఈగ వాలితే జారిపడుతుంది. ఎవరూ మార్చలేదు. ఉండనీ." ఆవిడ చేతులు తుడుచుకుంది. "ఆస్పత్రికి చెయ్యి. నా కంటి ఆపరేషన్‌కి రోజు ఇస్తామన్నారు. ఇది కూడా పోతే నాకు చెవులూ లేవు, కళ్ళూ లేవు. ఇంక మీ అందరితో దేంతో మాట్లాడను?"

ఆస్పత్రిలో ఫోన్ ఎత్తినమ్మాయి మంచిదే. గురువారం పొద్దున్నే రమ్మంది. ఏ గేటు, ఎవర్ని వెంట తెచ్చుకోవాలి, అన్నీ చెప్పింది. నోయెమీ చేతులతో చెప్పింది. చివర్లో ఆ అమ్మాయి, "పేషెంటు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా? పడని మందులు గానీ, భయాలు గానీ?" అనడిగింది.

ఒదీలా ఒళ్ళోని కత్తెర తీసి పక్కన పెట్టింది. చాలా చెప్పాలన్నమాట. "ఇది గట్టిగా చెప్పు వాళ్ళకి" అని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే నోయెమీ కళ్ళల్లోంచి నీళ్ళు ఉబికాయి. ముందు ఒదీలా వేళ్ళు రెండింతలయ్యాయి, తర్వాత చేతులూ మొహమూ కలిసి తడి గాజు వెనక దీపంలా మసకైపోయాయి. రెప్ప వేసింది. ఇంకా మండింది. మణికట్ల దగ్గర ఏదో చూపిస్తోంది, తర్వాత మొహం మీదికి ఏదో. చూపు కాస్త తేటపడేసరికి ఒదీలా "అంతే. మరిచిపోవద్దని చెప్పు" అంటోంది.

చెయ్యెత్తి ఆగమనడానికి ఎంతసేపు? మళ్ళీ చెప్పండి అనడానికి ఎంతసేపు? కానీ సైగ చేస్తున్న మనిషి మీదనుంచి చూపు తిప్పుకోవడమంటే మాట్లాడుతున్న మనిషి ఎదుట చెవులు మూసుకోవడమే, అంత అమర్యాద తానెన్నడూ చెయ్యలేదు. దానికి తోడు బయట గాజులోంచి ఆర్లెయ్ ఇద్దరు కొత్తవాళ్ళకి ఆమెనే చూపిస్తున్నాడు.

నోయెమీ తలూపింది.

"ఇంకేం లేదండీ," అంది ఫోన్లో. "థాంక్స్ చెప్తున్నారు."

ఫోన్ పెట్టేసి, దీపం పసుపు చేసి, వెళ్ళి చుక్కలు వేసుకుంది. చల్లగా, హాయిగా ఉంది. ఆ హాయిలో కూర్చుని తనకి తాను సర్ది చెప్పుకుంది. ఏముంటుంది, తోడు చెల్లెలు వస్తుందని చెప్పి ఉంటుంది. చేతికి గాజు బిగుసుకుపోయింది, ఊడదని చెప్పి ఉంటుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ లోకం చూడట్లేదనుకుంటుందట. నోయెమీ కళ్ళు తెరుచుకునే తాగింది.

తర్వాతి రోజుల్లో ఆమె చాలా బుద్ధిమంతురాలైంది. సీసాని మంచు డబ్బాలో పెట్టి బల్లమీదే ఉంచుకుంది. తెర వెలుతురు తగ్గించింది. ఏసీ గాలికి అట్టముక్క అడ్డం కట్టింది. కాల్‌కీ కాల్‌కీ మధ్య తల తిప్పి, కిటికీ అవతల కొండమీద ఇటుక ఇళ్ళు చూసింది. అక్కడ ఎవరో దండెం మీద బట్టలు ఆరేస్తుంటే దుప్పటి మీది పువ్వులు కూడా కనపడ్డాయి. ఇంత చూపు తన జన్మలో ఎరగదు. గురువారం పొద్దున కాఫీ తాగుతూ ఒదీలాని తలుచుకుంది, ఈపాటికి అయిపోయి ఉంటుందిలే అనుకుంది. అనుకున్నాక కాఫీ సయించలేదు.

శుక్రవారం ఒదీలా కాల్ వచ్చింది. ఇంకెవరికైనా వెళ్ళొచ్చు, లైనులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి వెళుతుంది. నోయెమీకే వచ్చింది.

ఆవిడ కంటికి కట్టు లేదు. కన్ను పాతదే, తెల్లగా మూసుకుపోయి ఉంది. కుడి మణికట్టు చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయిన గీత ఉంది. ముక్కుమీద వేళ్ళు పెట్టి పేరు పెట్టి పిలవలేదు.

"దుబాసీ, ఆస్పత్రికి చెయ్యి."

అదే అమ్మాయి ఎత్తింది. దుబాసీ అనేవాళ్ళు అవతలి మనిషి మాటని 'నేను' అనే చెప్పాలి. 'ఆవిడ అంటోంది' అనకూడదు, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి. ఇన్నేళ్ళూ నోయెమీ ఎందరికో నేనైంది, కరెంటు బాకీ పడినవాడికీ, గర్భవతికీ, విడాకులు అడిగినవాళ్ళకీ. ఏ 'నేను'కీ నాలుక తడబడలేదు.

"నేను ఒదీలాని," అంది నోయెమీ, ఒదీలా చేతులు చూస్తూ. "నిన్న నా చేతులు కట్టేశారు. బల్లకి అటొకటి, ఇటొకటి. మొహం మీద గుడ్డ కప్పేశారు. నాకు చెవులు లేవు. కళ్ళు కప్పేశారు. చేతులు కట్టేశారు. ఏం చేస్తున్నారో తెలీదు, ఆగమని చెప్పడానికి లేదు. బతికుండగానే పెట్టెలో పెట్టి మేకులు కొట్టినట్టయింది. తన్నుకున్నాను. తన్నుకోనా మరి?"

చెబుతూ చెబుతూ నోయెమీ చూసింది. రెండు మణికట్లు ఒకదానిమీద ఒకటి, తర్వాత మొహం మీదికి దిగిన అరచెయ్యి. అవే సైగలు. ఆ రోజు నీళ్ళ వెనక కరిగిపోయినవి ఇప్పుడు దుప్పటి మీది పువ్వుల్లా స్పష్టంగా కనపడుతున్నాయి. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"పేషెంటు సహకరించలేదని డాక్టరు రాశారమ్మా," అంది అవతలమ్మాయి. "కదిలితే కన్ను పోతుంది కదా, అందుకే ఆపేశారు. మళ్ళీ వరుసలో చివరికి వెళ్ళాలి. అది కూడా మత్తు డాక్టరు ఒప్పుకుంటేనే."

నోయెమీ అది చేతులతో చెప్పింది.

"నేను ముందే చెప్పాను," అన్నాయి ఒదీలా చేతులు. "కాన్పప్పుడు ఇలాగే కట్టేశారు, నా చేతులే నా నోరు, ఒక్క చెయ్యైనా గుడ్డ బయట ఉంచండి అని ఫోన్లో చెప్పాను." నోయెమీ గొంతు ఆ మాటలన్నీ ఆస్పత్రికి అందించింది.

"చెప్పలేదండీ. ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనే. ఇంకేమైనా ఉందా అని ప్రత్యేకంగా అడిగాను కూడా. ఇంకేం లేదన్నారు."

ఇక్కడ నోయెమీ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. 'ఆ అమ్మాయికి గుర్తులేదట' అంటే చాలు. ఎవరికీ తెలీదు. తప్పు ఆస్పత్రి మీదకి పోతుంది, ఆస్పత్రులకి ఒక తప్పు ఎక్కువైనా బరువు కాదు. చేతులు పైకెత్తి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "అడిగాను కూడా. ఇంకేం లేదన్నారు."

ఒదీలా మిగిలిన ఒక్క కంటితో తెరలోకి సూటిగా చూసింది. తర్వాత, "నేను చెప్పాను. అవునా, కాదా?" అంది.

"నేను చెప్పాను, అవునా, కాదా?" అంది నోయెమీ ఫోన్లోకి.

"లేదండీ," అంది అమ్మాయి.

"నేను ఆ పిల్లని అడగట్లేదు," అంది ఒదీలా.

దీన్ని నోటితో చెప్పాలి. చెప్పలేకపోయింది. గాజు అవతల ఆర్లెయ్ కొత్తవాళ్ళతో ఏదో అంటూ నవ్వుతున్నాడు. నోయెమీ గొంతు విప్పకుండా, చేతులు మాత్రం కదిపింది. "చెప్పారు. నేనే చూడలేదు. కళ్ళు మండి నీళ్ళొచ్చేశాయి. మిమ్మల్ని ఆగమనలేదు. సిగ్గేసింది. ఊరికే తలూపాను."

"తెలుసు."

"తెలుసా?"

"ఆ తలూపు నాకు తెలీదా?" ఒదీలా చేతులు ఇప్పుడు కోపంగా ఉన్నాయి, తెర అంచులకి కొట్టుకుంటున్నాయి. "అరవై ఏళ్ళుగా ఊపుతున్నా. బళ్ళో సిస్టర్లకి ఊపాను. డాక్టర్లకి ఊపాను. పెళ్ళిలో ఫాదర్‌కి ఊపాను, ఆయన ఏమడిగాడో ఇవాల్టికీ తెలీదు, మొగుడొచ్చి పడ్డాడు. నీ మొహం చూశాను. అచ్చం నా మొహమే. దీనికి అర్థం కాలేదు అనుకున్నా. మళ్ళీ చెబుదామనుకున్నా. తర్వాత ఏమనుకున్నానో తెలుసా? చెవులున్నవాళ్ళు కదా, వాళ్ళు తలూపితే నిజంగానే అర్థమై ఊపుతారేమోలే అనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేది. నోయెమీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కానీ పెట్టుకోవడానికి వేరే చోటు లేదు. ఆ మొహం తెరమీదే ఉండాలి, అదే ఆమె ఉద్యోగం.

"కోపం లేదనుకునేవు," అంది ఒదీలా. "చాలా ఉంది. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లకి చెప్పు. నీ నోటితో, నీ మాటగా."

"హలో? ఉన్నారా?" అంటోంది అవతలమ్మాయి.

"ఉన్నానండీ." నోయెమీ చేతులతో కూడా చెబుతూనే, ఒదీలా చూసేలా, నోరు విప్పింది. "ఇప్పుడు మాట్లాడుతున్నది పేషెంటు కాదు. నేను దుబాసీని. నా పేరు నోయెమీ. ఆ రోజు మీరు అడిగినప్పుడు ఆవిడ అంతా చెప్పింది. నాకు కళ్ళు కనపడలేదు, చూడకుండానే ఇంకేం లేదని మీకు చెప్పాను. ఆవిడ సహకరించకపోవడం కాదు. ఆవిడ మాట మీదాకా రానివ్వలేదు నేను."

"ఎవరన్నారూ? మళ్ళీ చెప్పండి," అంది ఆ అమ్మాయి. నోయెమీ మళ్ళీ చెప్పింది, రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆర్లెయ్ నవ్వు ఆగిపోయింది. గాజుకి దగ్గరగా వచ్చి నిలబడి, ఆమె పెదాల్ని చూస్తున్నాడు. దుబాసీ సొంత మాట మాట్లాడుతున్నప్పుడు మొహం వేరుగా ఉంటుంది కాబోలు.

"ఉండండి, డాక్టరుని అడిగొస్తా," అంది అమ్మాయి. ఫోన్లో పాట మొదలైంది.

నోయెమీ కళ్ళు భగభగ మండుతున్నాయి, ఈసారి మందు తక్కువై కాదు. ఒదీలా వేలితో బల్లవైపు చూపించింది.

"ఆ డబ్బాలో ఉన్నది చుక్కలేనా? వేసుకో."

"మీరు మాట్లాడుతుండగా ఎలా…"

"ఇప్పుడు మాట్లాడట్లేదుగా. మా క్లబ్బులో కళ్ళు అలిసిపోతే చెయ్యెత్తి ఆగమంటాం. ఎవరూ ఏమనుకోరు. మీకు చెవులు అలిసిపోవు, అందుకే తెలీదు. వేసుకో, నేనెక్కడికీ పోను."

నోయెమీ దీపం పసుపు చేసింది. తల వెనక్కి వాల్చి ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసుకుని, కళ్ళు మూసుకుంది. తెరవగానే చూస్తే ఒదీలా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, నోరు మూసుకున్న మనిషిలా. పాట ఆగేదాకా అలాగే ఉంది.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. సహకరించలేదని రాసిన మాట డాక్టరు కొట్టేస్తానన్నాడట. వరుస చివరికి పోనక్కర్లేదు, వచ్చే బుధవారమే ఇంకొకరి చోటు ఖాళీ అయింది. ఎడమ చెయ్యి గుడ్డ బయట ఉంచుతారు, నర్సు పట్టుకుంటుంది. ఒకసారి నొక్కితే కదలొద్దని, రెండుసార్లు నొక్కితే అయిపోయిందని అర్థం. ఆవిడ వేళ్ళు ముడిస్తే డాక్టరు ఆగుతాడు. ఆదివారం నుంచి మూడు పూటలా మందు చుక్కలు, ఆపరేషన్ చెయ్యబోయే కంట్లోనే, రెండో కంట్లో వద్దు. బుధవారం పొద్దున ఏమీ తినకూడదు, బీపీ మాత్ర మాత్రం రెండు గుక్కల నీళ్ళతో వేసుకోవాలి.

నోయెమీ తొందరపడకుండా ఒక్కొక్కటీ చేతులతో చెప్పింది. గాజుమీద ఆర్లెయ్ వేలితో టకటకా కొట్టాడు. ఆమె అటు చూడలేదు. ఆ సంగతి తర్వాత ఎలాగూ ఉంది.

చెప్పడం అయింది. ఒదీలా తలూపింది.

నోయెమీ ఆ తలూపుని చూసింది. చేతులు దించలేదు. "ఏం అర్థమైందో నాకు చెప్పండి," అంది.

ఒదీలా బిత్తరపోయింది. మెడ దగ్గర మొదలై చెవులదాకా ఎర్రబడింది. కత్తెర చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. అరవై ఏళ్ళలో ఆ మాట ఆవిడని ఎవరూ అడిగి ఉండరు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వి, రెండు వేళ్ళు ముక్కుమీద పెట్టి పైకి తోసింది.

"కళ్ళజోడూ, చుక్కలు ఏ కంటికో తెలీలేదే. మళ్ళీ చెప్పు."